ఊపిరి బిగబట్టిన గురువారం

నాన్న రైల్వే వర్క్‌షాపులో, చక్రాల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి మోతకు చెవులు సగం పోయాయి. జుట్టు దానంతటదే పోయింది. ఆయన్ని మా ఊరి ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాల దాకా తీసుకెళ్ళింది ఆ జుట్టు సంగతే.

మేముండే రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా తెలుగువాళ్ళ గుడికి వరంగల్ వైపు అమ్మాయి ఒకతె వచ్చేది. ఆ కాలేజీలో పరిశోధన చేస్తోంది. మెదడులోని రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో సూది గుచ్చకుండా బయటినుంచే కొలిచే యంత్రం తయారుచేస్తున్నారట. దాన్ని పరీక్షించడానికి పెద్దవాళ్ళు కావాలట. ఒకరోజు పులిహోర తింటూ నాన్న తలకేసి చూసింది.

"తాతా, మీ నెత్తి మా పనికి మంచిగుంటది. జుట్టుంటే వెలుగు లోపలికి సక్కగ పోదు."

నేనూ పరీక్షకు కూర్చుంటానన్నాను. రంగు వేసిన నా జుట్టు చూసి మర్యాదగా వద్దంది.

గురువారం ఉదయం ఆటోలో వెళ్ళాం. అమ్మాయి నాన్న కళ్ళకు నల్లటి అద్దాలు పెట్టి, నెత్తికి చల్లటి జెల్ రాసింది. ఆయన చెవి దగ్గర వంగి గట్టిగా వివరించింది. వెలుగు లోపలికి వెళ్తే, దాన్ని పీల్చుకున్న రక్తం మనకు వినపడనంత చిన్న చప్పుడు చేస్తుంది. యంత్రం ఆ చప్పుడు విని లెక్క చెబుతుంది.

"మేమూ అంతేనమ్మా," అన్నారు నాన్న. "సక్రాన్ని సుత్తితో కొట్టి ఇనేవోళ్ళం. పగులుంటే సప్పుడు మారిపోద్ది."

తను చాలు అనేదాకా ఊపిరి బిగబట్టమని చెప్పి, అమ్మాయి గది చివర తెర ముందుకెళ్ళి కూర్చుంది. కాసేపటికి "చాలు తాతా," అంది. నాన్న కదల్లేదు. మళ్ళీ అంది. తెర మీద ఆక్సిజన్ గీత కిందికి దిగుతోంది. నాన్న మొహం కందిపోయింది. నేను లేచి వెళ్ళి మోకాలు పట్టి ఊపాను.

"ఏటి, అయిపోనాదా?" అన్నారు రొప్పుతూ. "సాలు అనలేదు కదా."

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "తప్పు నాదే తాతా. మీకు సరిగ్గ వినపడదని మరిచిపోయిన," అంది. గీత మాత్రం చాలా స్పష్టంగా వచ్చిందని తర్వాత నాతో మెల్లగా చెప్పింది.

నాన్న జెల్ తుడుచుకుంటూ అడిగారు. "మా ఇంటావిడ వంటింట్లో పడిపోయినాది. ఆస్పత్రికి తీసికెల్లేసరికి తలలోకి నెత్తురు అందట్లేదన్నారు. ఇలాటిదుంటే ముందే సెప్పీసేదా?"

"తెల్వదు తాతా. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినం."

నాన్న తలూపారు. అమ్మ పోయాక ఆ రోజు గురించి ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. నేనూ ఎప్పుడూ అడగలేదు.

మరుసటి వారానికి మలంచా బజారులో మంగలి దగ్గరికెళ్ళి, చెవుల పక్కన మిగిలిన నాలుగు వెంట్రుకలూ తీయించుకున్నారు. ఊపిరి వదలాల్సినప్పుడు ఆయన చెయ్యి నొక్కే పని నాకు అప్పగించారు. ప్రతి గురువారం ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నాను. బాగా గరుకు చెయ్యి.