యాదన్న ఆపించిన ఇన్‌స్టలేషన్

నిన్న పొద్దున లింగంపల్లి స్టేషన్‌లో ట్రైన్ దిగుతుంటే సరిత వదిన ఫోన్ చేసింది. "మీ అన్న లేడు తమ్మీ" అంది.

ఏ అన్న అని అడిగాను. అలా ఎలా అడిగానో తెలియదు.

మా యాదన్న. ఒకప్పుడు ఒకే ఆఫీసులో పనిచేసినవాళ్లం. గుండెపోటు. నిద్రలోనే.

నేను పోస్టులు పెట్టే మనిషిని కాదు. కానీ నిన్న హఫీజ్‌పేటలో అన్న ఇంటి ముందు కూర్చుంటే ఒక మాట వినపడింది.

"పని రాదని కంపెనీ వాళ్లు తీసేసిన్రంట గదా అప్పట్ల."

ఆ మాట అన్నది యాదన్న సొంత బంధువే. లోపల వదిన విన్నది. తల దించుకుంది. అసలు సంగతి ఆమెకూ తెలియదు.

అందుకే రాస్తున్నాను.

తొంభైల చివర. హైటెక్ సిటీలో మొదటి బిల్డింగ్ కొత్తగా తెరిచిన రోజులు. మాది మాదాపూర్‌లో కిరాయి ఇంట్లో నడిచే చిన్న కంపెనీ. నేను పుస్తకాలు చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాణ్ణి. యాదన్నది నా పక్క సీటు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు.

ఒక దవాఖాన ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ చేశాం. ఒక్కో పేషెంట్‌కి ఒక విండో. రిజల్ట్ టైప్ చేయడానికి అందులోంచి ఇంకో చిన్న విండో తెరుచుకుంటుంది. సేవ్ నొక్కితే ఆ రిజల్ట్ తనను తెరిచిన విండోకే, అంటే పేరెంట్ విండోకే వెళ్లాలి.

అన్న రాసిన కోడ్ పేరెంట్ విండో ఏదని చూసేది కాదు. చివరగా తెరిచిన పేషెంట్ విండోలో రాసేసేది. ఆఫీసులో మేం ఎప్పుడూ ఒక్క పేషెంట్‌నే తెరిచి టెస్ట్ చేసేవాళ్లం. ఎప్పుడూ కరెక్ట్‌గానే వచ్చేది.

ఇన్‌స్టాల్ చేసిన రోజు ల్యాబ్ మేడం ఒకరి రిజల్ట్ కొడుతూ, మధ్యలో ఇంకొకరి విండో తెరిచి, మళ్లీ వెనక్కి వచ్చి సేవ్ నొక్కింది. మొదటి మనిషి బ్లడ్ గ్రూప్ రెండో మనిషి పేరు కింద పడింది.

ఆమె గమనించలేదు. అన్న చూశాడు.

మాతో వచ్చిన మేనేజర్‌కి చెప్తే మా ఇద్దరినీ వరండాలోకి తీసుకెళ్లాడు. "ఇప్పుడేం మాట్లాడకండి. సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఉందని వాళ్ల సంతకం అయిపోనివ్వండి. నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం."

"బ్లడ్ గ్రూప్ సార్ అది. సినిమా టికెట్ గాదు, వేరే సీట్ల కూసోనీకి" అన్నాడు అన్న.

"నీకు ఉద్యోగం కన్ఫర్మ్ కావాలా, వద్దా?"

అన్న నేరుగా లోపలికి వెళ్లాడు.

"జర ఆపున్రి మేడం. నేను రాసిన దాంట్ల తప్పుంది."

ఇన్‌స్టలేషన్ ఆగిపోయింది. కొన్నాళ్లకే అన్నను తీసేశారు. పని రాదన్నారు. తర్వాత వెళ్లిన ఇంటర్వ్యూల్లోనూ ఆ మాటే ఎదురైంది. చివరికి సాఫ్ట్‌వేర్ వదిలేసి జిరాక్స్ షాప్ పెట్టుకున్నాడు.

జరిగింది నలుగురికీ చెప్తానంటే ఒప్పుకునేవాడు కాదు.

"తప్పు నాదే గదా తమ్మీ. ఏం జెప్తవ్?"

నాకు మాత్రం అది ఇప్పటికీ మింగుడు పడదు. తప్పు అతనిదే, నిజం. దాన్ని పట్టుకున్నదీ అతనే, ఆపిందీ అతనే. దాచమన్న మనిషి పెద్ద పోస్టులకు వెళ్లాడు.

వదినా, మీరు చదువుతారనే రాశాను. ఆ మాట ఇంకెవరైనా అంటే తల దించుకోకండి.

అన్నా, నువ్వు వద్దన్నది చెప్పేశాను. ఏమనుకోకు.

అక్కడైనా నీ మనసుకు నెమ్మది దొరకాలి.