పోపు పెట్టనివ్వని వంటిల్లు

ఇంట్లో గది అద్దెకిస్తూ "లైట్ కుకింగ్ మాత్రమే" అని షరతు పెట్టేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సింగపూర్‌లో ఈ మాట వినని అద్దెవాళ్లు ఉండరు. నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు, గుడ్డు ఉడకబెట్టుకోవచ్చు, పాలు కాచుకోవచ్చు. నూనె మాత్రం కాగకూడదు, ఆవాలు చిటపటలాడకూడదు. మనిషి రోజూ తినే కూడు వండుకోవడానికి వీల్లేదని ఇంత మర్యాదగా చెప్పడం ఇంకెక్కడా చూడలేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని నాకూ మా ఆయనకూ అక్కడ ఉద్యోగాలొచ్చాయి. ఆంగ్ మో కియోలో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో గది దొరికింది. ఆవిడ ఎప్పుడో పెళ్లయి వచ్చి అక్కడే స్థిరపడింది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. తెలుగువాళ్లిల్లు, ఇంకేం కావాలి అని సంబరపడ్డాను. తీరా వెళ్లి చూస్తే పొయ్యి మీద లేసు గుడ్డ పరిచి, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ పెట్టి ఉంది. మాకూ అదే లైట్ కుకింగ్ షరతు పెట్టింది. ఆవిడకే వంట లేదు. మూడు పూటలా కింది కాఫీషాపు నుంచి పొట్లాలు తెచ్చుకునేది.

మేమూ అదే దారి పట్టాం. ఆఫీసు నుంచి రాగానే కిందికి దిగడం, టిష్యూ ప్యాకెట్ పడేసి బల్ల చోప్ చేసుకోవడం, అంటే ఇది మాదని పట్టి ఉంచుకోవడం, దాని ముందు కూర్చుని ఏదో ఒకటి తినడం. మా ఆయనైతే మన పరోటాలాంటి ప్రాటాని పంచదారలో అద్దుకుని, డబ్బాపాల టీ గుటకలు వేస్తూ, ఆ పైన ఒక ప్లేటు వేయించిన నూడుల్స్ లాగించేవాడు. ఆ కాఫీషాపు హాకర్ల వంటను నేనేమీ అనను. వేడివేడిగా, రుచిగా పెడతారు. కానీ పండక్కి తినాల్సిన తిండిని పొద్దున్నా సాయంత్రమూ తింటే ఏ ఒళ్లు తట్టుకుంటుంది?

అనుకున్నంతా అయింది. కంపెనీవాళ్లు చేయించిన పరీక్షల్లో ఆయనకు షుగర్ వచ్చేలా ఉందని తేలింది. ఇంకా మందులదాకా రాలేదు, ఇంటి తిండి తినండి, అన్నం తగ్గించి ఆకుకూరలు, పప్పులు పెంచండి అన్నాడు డాక్టరు. మా మామగారికి ఇదే జబ్బుతో కాలి వేళ్లు తీసేశారు. ఆ కాలు నా కళ్ల ముందు ఆడుతూనే ఉంది. ఈయనకేమో చీమ కుట్టినట్టయినా లేదు.

"ఇప్పుడేమైందనీ? ఆంటీ వండొద్దంది కదా, ఎలాగోలా అడ్జస్ట్ అవుదాంలేవే," అన్నాడు.

ఆ 'అడ్జస్ట్' అనే మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్లు బిగబట్టుకుని, ఆంటీ షరతు దాటకుండానే మొదలుపెట్టాను. అక్కడి బజార్లో తోటకూర దొరుకుతుంది, బయాం అంటారు. బీరకాయ, కాకరకాయ దొరుకుతాయి. రైస్ కుక్కర్లో కందిపప్పు, తోటకూర, టమాటా వేసి ఉడికించి, ఉప్పూ కారం కలిపి పెట్టాను. ఆయన రెండు ముద్దలు తిని, "ఆస్పత్రి కూడులా ఉంది," అని చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయాడు. మర్నాడు బీరకాయకూ అదే గతి.

ఒంటికి మంచిదంటే చప్పగా ఉండి తీరాలని ఎవరు పుట్టించారో గానీ, వాళ్లు కనబడితే కడిగి పారేద్దును. ఒక చెంచా నూనె, కాసిని ఆవాలు, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిరపకాయ, కరివేపాకు. ఈ మాత్రం పోపు పడితే గిన్నెడు తోటకూర పప్పు పిడికెడు అన్నంతో లోపలికి వెళ్తుంది. ఈ చెంచా నూనెకి అడ్డుచెప్పే ఇల్లు, మసాలా పొట్లం చింపి పోసుకునే నూడుల్స్‌కి మాత్రం రమ్మంటుంది!

ఒక శనివారం పొద్దున ఆంటీ గుడికి వెళ్లింది. నేను పూలకుండీ దించి, లేసు గుడ్డ మడతపెట్టి, పొయ్యి వెలిగించాను. ఆవాలు చిటపటమనగానే మా ఆయన గదిలోంచి నడిచొచ్చి, పిలవకుండానే కంచం పెట్టుకున్నాడు. రెండోసారి పప్పు వడ్డించుకుంటుండగా తలుపు తెరుచుకుంది. ఆంటీ గుమ్మంలోనే తుమ్మడం మొదలుపెట్టింది.

"ఐయో, ఏందమ్మా ఇది! లైట్ కుకింగ్ అని చెప్పినానా లేదా? కర్టెన్లకంతా వాసన పట్టేస్తది. మకాన్, తిండి కావాలంటే కింద లేదా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన లేచి నిలబడ్డాడు. "సారీ ఆంటీ, ఇంకెప్పుడూ చెయ్యదు," అన్నాడు. చేతికి పప్పన్నం అంటుకునే ఉంది!

"చెయ్యదేంటి? తింటున్నది ఎవరు?" అన్నాను. "ఆంటీ, ఈయనకి షుగర్ వచ్చేలా ఉంది. పోపు లేకపోతే తినడు. మీరూ తెలుగువాళ్లే కదా, పోపు వాసనకి ముక్కు మూసుకుంటారేంటి?"

ఆంటీ కిటికీలన్నీ బార్లా తీసి, కుర్చీలో కూలబడింది. "నేను కొత్తగా వచ్చినప్పుడు రోజూ చేసేదాన్నే. లిఫ్టులో నన్ను చూసి ముక్కు మూసుకునేవాళ్లు. ఒకరోజు నీ బట్టలు పోపు వాసనని ఆఫీసులో అందరి ముందు ఎవరో అన్నారని మా ఆయన వచ్చి, ఇంక వద్దు అన్నాడు. మానేసినా," అంది.

జాలేసింది, కాదనను. కానీ కోపం తగ్గలేదు. లిఫ్టులో ఎవరో ముక్కు మూసుకున్నారని ఒక మనిషి జన్మంతా పొయ్యి మీద గుడ్డ కప్పుకోవడమేంటి? వద్దన్న ఆ పెద్దమనిషి మీదా, సారీ చెప్పిన మా పెద్దమనిషి మీదా ఒకే కోపం వచ్చింది. గదిలోకి వచ్చాక మా ఆయనతో ఒక్కటే అన్నాను.

"నేను పొయ్యి మీద పూలకుండీ పెట్టుకుని బతకలేను. వేరే ఇల్లు మీరే చూడండి."

ఆయన ఆ సాయంత్రం నుంచే పేపర్లో అద్దె ప్రకటనలు చూడటం మొదలుపెట్టాడు. చివరికి జురాంగ్ వెస్ట్‌లో ఒక చిన్న ఫ్లాట్ చూడటానికి వెళ్లాం. ఇంటి యజమాని పెద్దవయసు చైనీస్ అంకుల్. గదులు చూపించాక, నా బొట్టు వంక చూసి, "కుకింగ్ ఆ?" అని అడిగాడు. నేను జవాబు చెప్పడానికి కొంగు బిగించాను.

"ఎవ్రీ డే," అన్నాడు మా ఆయన. "స్మెల్ విల్ కమ్. స్మోక్ ఆల్సో. ఇఫ్ ఓకే, వీ టేక్."

అంకుల్ మా ఇద్దరినీ వింతగా చూశాడు. "కిచెన్, నో కుక్, ఫర్ వాట్ లా?" అంటూ తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టాడు.