ఒక చెవిలో మైనం

మా ఆయన బావి అడుగున పైకీ కిందికీ తేడా మరిచిపోయిన రోజు తాడు పట్టుకున్నది నేను. అందుకే ఆ సంగతి ఇంకొకరు చెబితే నాకు నచ్చదు.

మాది కాణిపాకం దగ్గర, ఐరాల పక్క పల్లె. అప్పుడు తెల్లదొరల యుద్ధం జరుగుతోంది. బావుల్లో పడిన బిందెలూ కడవలూ మునిగి తీయడం మా అత్తగారింటి పని. మునిగేది మా ఆయన. గట్టు మీద తాడు పట్టే పని నేను కాపురానికి వచ్చిన ఏడాదే లాక్కున్నాను. మగవాళ్లు పట్టుకుంటే కబుర్లలో పడి లోపల మనిషి ఉన్నాడన్నదే మరిచిపోతారు. లోపలి నుంచి తాడు ఒకసారి లాగితే ఇంకాస్త వదలాలి, వరుసగా రెండుసార్లు లాగితే పైకి తీయాలి.

మునిగే ముందు ఒక పద్ధతి ఉండేది. మా మామ తేనెమైనం అరచేతిలో మెత్తగా పిసికి, గంగమ్మకు దండం పెట్టుకుని, కొడుకు రెండు చెవుల్లో అదిమేవాడు. చెవిలోకి నీళ్లు పోతే గంగమ్మ తల తిప్పుతుందని ఆయన నమ్మకం. ఆ మైనం ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు ఒక చెరుకు రైతు బావిలో కపిల మోకుతాడు తెగి, ఎద్దులతో నీళ్లు తోడే ఇనుప బాన అడుగుకు పోయింది. యుద్ధం వల్ల ఇనుము దొరకదు, కొత్తది చేయించే దారి లేదు. ఆరు నిలువుల నీళ్లు. మామ వాళ్ల అన్న ప్రాణం పోయింది కూడా ఆ బావిలోనే. అంతటి ఈతగాడు పైకి రాలేదని, దానికి తిప్పే బావి అని పేరు పడింది. పైగా మా ఆయనకు ఆ రోజు జలుబు. వద్దంటే వింటేనా!

"జలుబుకు బయపడి ఇంట్లో కూసుంటే ఊరు నవ్వదా?" అని దూకేశాడు.

కాసేపటికి ఒక లాగు. వదిలాను. మళ్లీ ఒక లాగు. మళ్లీ ఇంకొకటి. బాన పడింది నడిమధ్యలో, తాడేమో గోడవైపు పోతోంది. ఈ మనిషి అటెందుకు పోతున్నాడని నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే దారి తప్పాడని తట్టింది. రెండు లాగుల సైగ కోసం చూడకుండా బలమంతా పెట్టి పైకి లాగేశాను. మెట్ల మీద పడి వాంతి చేసుకున్నాడు.

"బావి గిర్రున తిరిగిందిమే. పైకి వస్తాండాననుకున్యా. బురద సేతికి తగిలినాక తెలిసింది, కిందికి పోతాండానని."

కుడి చెవిలో మైనం లేదు. ఎడమ చెవిలో అలాగే ఉంది.

"నేనే సరిగా అదమలేదు. ఈసారి ఇంగా గట్టిగా పెడతా" అన్నాడు మామ.

మా ఆయన మాత్రం ఇక బావిలో దిగనన్నాడు. పది రోజులు గోడకు ఆనుకునే కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి ఆ మనిషికి వచ్చిన పని అదొక్కటే. అది చేతిలోంచి జారిపోతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను.

అప్పుడు మా అన్న సెలవు మీద వచ్చాడు. విమానాలు బాగుచేసే చోట పని ఆయనది. జరిగిందంతా విని పడీ పడీ నవ్వాడు. నేను గరిటె ఎత్తాను.

"కొట్టొద్దుమే, ఇను. విమానం తోలేవాళ్లకూ ఇట్లే అయితాది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక సెవి తెరుసుకుంటాది, ఇంగోటి మూసుకునే ఉంటాది. రెండు సెవులూ రెండు మాటలు సెప్తే తలకాయ ఎవురి మాట ఇంటాది? ఆకాశం గిర్రున తిరుగుతాది. అందుకే జలుబుంటే వాళ్లను ఎక్కనీరు."

"గాలికీ నీళ్లకూ పోలికేందప్పా?" అన్నాడు మామ.

"రెండూ సెవిని నొక్కేవే మామా. సెవిలో ఏమీ పెట్టకూడదు. దిగతా దిగతా ముక్కు పట్టుకుని, నోరు మూసి, మెల్లింగా ఊదాల. టప్పుమంటాది."

ఆ రోజంతా మా ఇంట్లో ఇదే ఆట. పొయ్యి దగ్గర నేను, గోడ దగ్గర మా ఆయన, ముక్కులు పట్టుకుని ఊదడమే. టప్పుమన్నప్పుడల్లా నవ్వే నవ్వు. పది రోజుల తర్వాత ఆయన నవ్వగా విని నాకు ఏడుపొచ్చింది.

జలుబు పూర్తిగా తగ్గినాక పోయాం. సగం ఊరు బావి చుట్టూ చేరింది. మామ మైనం పిసుకుతూ వచ్చాడు. "ఈసారి వద్దు మామా" అన్నాను. పెళ్లయినాక ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. తిట్టలేదు. పిడికిలి మూసుకుని పక్కకు జరిగాడు.

దూకాడు. ఒక లాగు. తాడు నిటారుగా, నడిమధ్యలోకే దిగుతోంది. కొంచెం కొంచెంగా వదిలాను. ఇంకో లాగు. ఆ తర్వాత వరుసగా రెండు, గట్టిగా. లాగుతూ నేను అరిచిన అరుపు కాణిపాకం దాకా వినపడి ఉంటుంది. మా ఆయన తల పైకి తేలింది. బానతోపాటు మునిగిపోయిన మోకు కొస ఆయన పళ్ల మధ్య ఉంది. దాన్ని ఊసి, "తిరగలేదుమే, తిరగలేదు" అన్నాడు. నలుగురు చూస్తున్నారన్న సిగ్గు కూడా మరిచి గట్టు మీద గంతులేశాను. రైతు ఎద్దుల కోసం పరుగెత్తాడు.

మామ ఒక్కడే కదల్లేదు. మా అన్నను దగ్గరికి పిలిచాడు.

"జలుబు లేకపోయినా, ఒక సెవిలో మైనం ఊడిపోయి ఇంగో సెవిలో ఉంటే తిరుగుతాదా నాయనా?"

"తిరక్కుండా ఎట్లుంటాది మామా" అన్నాడు మా అన్న, ఆ సంబరంలోనే.

"ఈ బాయిలోంచి మా అన్నను బయటికి తీసినప్పుడు ఎడం సెవిలో ఒకటే మైనం ఉండె" అన్నాడు మామ. "పెట్టింది నేనే. ఇంగా గట్టిగా అదిమింటే బతికిండేవాడని ఇన్నేండ్లూ అనుకుంటాండా."

అవతల బాన పైకి వస్తోందని జనం కేకలు వేస్తున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని పిడికిలి విప్పి, వేళ్లకు అంటిన మైనం నా కొంగుతో తుడిచాను.