బొగ్గు బొమ్మలో నా వాటా

మా పాపను మోసింది నేను, కన్నది నేను. చూసినవాళ్లు మాత్రం "అచ్చం నాయనమ్మే!" అనేవాళ్లు. ఆ మాటకు మా అత్తమ్మ ముఖం వెలిగిపోయేది, నాకు కడుపు మండేది. నా ఎడమ చెంప మీద శనగగింజంత పుట్టుమచ్చ ఉంది. కనీసం అదైనా పాపకు రాలేదు.

అప్పట్లో కొండాపూర్‌లో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. హైటెక్ సిటీలో గుండ్రటి బిల్డింగు లేస్తోంది, మా ఆయన అక్కడికి ఇసుక లారీ తోలేవాడు. ముందు పోర్షన్‌లోకి రాజమండ్రి నుంచి ఒక కంప్యూటర్ ఉద్యోగి కుటుంబం దిగింది. ఆ ఇంటి ఆంటీ బొగ్గుముక్కతో మనుషుల బొమ్మలు గీసేది. పాపను గీస్తానని ఆవిడ అనగానే నేను ఎగిరి గంతేశాను. బొమ్మలో నా పోలిక బయటపడితే అత్తమ్మ నోరు మూతపడుతుంది కదా!

ఇక చూడండి నా తెలివి. పాప నా రంగులో కనిపించాలని సగం డబ్బా పౌడర్ దాని మొహానికి పట్టించాను. గులాబీ గౌను వేశాను, ఎర్ర రిబ్బన్లు కట్టాను. బొగ్గుకు ఉన్నది ఒకటే రంగని తట్టనేలేదు.

"అమ్మాయ్, ఇందులో పిల్ల మొహం ఎక్కడుంది?" అంటూ ఆంటీ తడిగుడ్డతో మొత్తం తుడిచేసింది.

పాప చేతికి మురుకు ఇచ్చాం. అది నమిలినంతసేపే కదలకుండా ఉండేది. నేను ఆంటీ భుజం మీంచి తొంగిచూస్తూనే ఉన్నాను. ముందు కళ్లు వచ్చాయి. తర్వాత ముడిపడ్డ కనుబొమలు. కాగితం మీద మా అత్తమ్మ కూచుని మురుకు తింటోంది!

"ఆంటీ, జర ముక్కు సన్నగ గీయుండ్రి, నా లెక్క."

"నీ ముక్కు ఎప్పుడు సన్నగా ఉందే?" ఆంటీ పగలబడి నవ్వింది. "ఉన్నదున్నట్టే గీస్తానమ్మా."

ఎలక్షన్‌లో డిపాజిట్ పోయినవాడిలా బొమ్మ పట్టుకుని ఇంటికొచ్చాను. అత్తమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "చూసినవా?" అంటుందని పళ్లు బిగించుకుని నిలబడ్డాను. అనలేదు.

"ఎంత సక్కగుంది నా తల్లి! దిష్టి తగుల్తది" అంటూ, బొమ్మలోని జుట్టు మీద బొటనవేలు రుద్ది, ఆ నలుపుతో బొమ్మ చెంప మీద చుక్క పెట్టేసింది.

"అయ్యో అత్తమ్మా! గిట్ల జేసినవేంది? బొగ్గు అంటుకుంటది!"

అత్తమ్మ తుడవబోతే, ఇంకా పాకుతుందని ఆమె చెయ్యి పట్టుకున్నాను. అత్తమ్మ బొమ్మను చూసింది, నన్ను చూసింది, మళ్లీ బొమ్మను చూసింది. శనగగింజంత నల్లమచ్చ. అదీ ఎడమ చెంప మీదే.

"ఇగ తియ్" అంది నవ్వాపుకుంటూ. "గిప్పుడు నీ లెక్క గూడ ఉంది. అంతా నా పోలికేనని ఏడుస్తుంటివి గద!"

తర్వాత చూసిన ఆంటీ ఆ మచ్చను రబ్బరుతో తీసేస్తానంది. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ చుట్టాలెవరైనా ఆ బొమ్మ ముందు నిలబడి "అచ్చం..." అని నోరు తెరవగానే, నా వేలు ఆ చెంప మీదికి పోతుంది. అంటుకోకుండా, జర దూరంగా.