తీగ తెగిందని పంచిన లడ్డూలు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, ఆగస్టు పదకొండు, శుక్రవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నా చేతిలోంచి నీళ్ళ చెంబు జారి కుళాయి గట్టు మీద పడింది. ఎత్తబోతే వేళ్ళు ముడుచుకోలేదు. (టైము ఎలా గుర్తుందంటారేమో. ఆరు గంటల షిఫ్టు బస్సు వీధి మలుపు తిరిగి అప్పటికి పది నిమిషాలు.) ఆ రోజుల్లో సీతారాండేరాలోని మా ఇంట్లో లోకంలో జరిగే ప్రతిదానికీ కరెంటు భాషలోనే అర్థం చెప్పుకునేవాళ్ళం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి ఇక్కడి కార్ఖానాలో వైర్‌మన్‌గా స్థిరపడినవాడు. ఎవరికైనా కోపం వస్తే లోడు ఎక్కువైందనేవాడు. వీధిలో ముసలాయన పోతే ఫ్యూజు పోయిందనేవాడు. పెళ్ళి సంబంధం తప్పిపోతే ఎర్తింగు కుదరలేదనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆ నవ్వు ఖరీదెంతో చివర్లో చెబుతాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. టైపులో నిమిషానికి నలభై ఐదు మాటలు, తప్పు లేకుండా. టెల్కో కాలనీ వైపు ఒక ఆఫీసులో టైపిస్టుగా సెప్టెంబరు ఒకటిన చేరమని కాగితం వచ్చింది. చెంబు జారడానికి వారం ముందు రెండు రోజులు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. దానికీ దీనికీ చుట్టరికం ఉందని మాకెవరికీ తెలియదు. శనివారం సాయంత్రానికి కాళ్ళు కూడా నిలబడలేదు. ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు కుర్రవాడు, బెంగాలీ. కడుపులో దూరిన క్రిమి మీదికి ఒంట్లోని సైన్యం బయలుదేరి, పొరపాటున సొంత నరాలనే కొడుతోందని చెప్పాడు. ఈ జబ్బులో రకాలున్నాయనీ, దెబ్బ నరంలో ఎక్కడ తగిలిందో తెలియాలంటే నరంలోకి కొంచెం కరెంటు పంపి చూడాలనీ అన్నాడు. కరెంటు అన్న మాట వినగానే మా నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

పదహారో తారీఖున పరీక్ష. మణికట్టు దగ్గర కరెంటు ఇస్తారు, బొటనవేలి కింది కండ దగ్గర అందుకుంటారు. ఎంత ఆలస్యంగా వచ్చింది, ఎంత వచ్చింది, ఈ రెండూ చూస్తారు. గండుచీమ కుట్టినట్టుండేది, ప్రతిసారీ కొత్త చీమ. వేలు దానంతటదే ఎగిరేసరికి మా అమ్మ రెండు చేతులూ జోడించి, "ఏలు కదిలింది బాబూ, ఇంకొక్కపాలి పెట్టండి, నయమైపోద్ది" అని బతిమాలింది. అది వైద్యం కాదు, పరీక్ష మాత్రమేనని చెప్పినా ఆవిడ నమ్మలేదు. నాన్న వైర్‌మన్ అని తెలిసి డాక్టరు ముఖం వికసించింది. ఇంగ్లీషు మాటలన్నీ పక్కనపెట్టి, "తార్ ఠీక్ హై. ఊపర్ కా కవర్ గయా" అన్నాడు. తీగ బాగానే ఉంది, పై తొడుగే పోయింది. చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. ఈ జబ్బులో అది మంచి రకమట. మా నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదన్న సంగతి ఆయన చూసుకోలేదు.

"మరి తీగ బాగుందన్నాడు కదయ్యా" అంది మా అమ్మ.

"తీగ బాగుంటేనేనే బయం. కరెంటు నేని తీగకి కవరుంటే ఏటి, నేకపోతే ఏటి. ఇది లైవు. కవరు నేని లైవు వైరు ఎప్పుడు షార్టు అవుద్దో బెమ్మదేవుడు సెప్పలేడు."

మర్నాడు ఆయన కార్ఖానా స్విచ్చిగేరు గదిలో షాకు కొట్టకుండా పరిచే నల్ల రబ్బరు చాప ఒకటి సంపాదించి తెచ్చి నా మంచం పక్కన వేశాడు. మా అమ్మ దాని మీద నిలబడి, రబ్బరు చెప్పులు తొడుక్కుని, చేయి చాచి నాకు అన్నం పెట్టేది. "యే క్యా హై?" అని నర్సు అడిగితే "సేఫ్టీ" అన్నాడు నాన్న. (తాయెత్తులూ నిమ్మకాయలూ చూసిన మనిషి కనుక ఆవిడ మళ్ళీ అడగలేదు.) నేనూ వైర్‌మన్ కూతురినే కదా. ఎప్పుడు అంటుకుంటానా అని పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని. కన్నతల్లి నన్ను ఒట్టి చేత్తో ముట్టుకోలేదు.

సెప్టెంబరు ఎనిమిదిన పరీక్ష మళ్ళీ చేశారు. మొదట్లో చేసిన పరీక్ష ఒక్కోసారి మోసం చేస్తుందనీ, అందుకే రెండోసారి చూస్తామనీ డాక్టరు చెప్పాడు. ఈసారి ఆయన నవ్వలేదు. మొదటిసారి కరెంటు ఆలస్యంగా వచ్చిందట, ఇప్పుడు ఆలస్యమేమీ లేదు, కానీ వచ్చేదే చాలా తక్కువ. "కవర్ నహీ, తార్ హీ కట్ గయా" అన్నాడు మెల్లగా. మా నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. తట్టుకోలేక అలా చేశాడనుకుని డాక్టరు ఆయన భుజం తట్టాడు.

"తెగిన తీగకి బయమేటి" అన్నాడు నాన్న, వార్డులో అందరికీ వినబడేలా. "రెండు కొసలూ గీకి, మెలెట్టి, టేపు సుట్టేత్తే అయిపోద్ది. ఇలాటివి నాను రోజూ సేత్తన్నాను."

"కరెంటు తక్కువొత్తందంట కదయ్యా."

"తక్కువొత్తేనేటి, టైముకొత్తంది కదా. మా కార్ఖానాలో అలాటోడికే పెమోషను."

రెండు కిలోల లడ్డూలు పంచారు. మా అమ్మ చెప్పులు విప్పి, చాప దిగి, మూడు వారాలు దాటాక మొదటిసారి నా నుదుటి మీద చేయి వేసింది. తర్వాత ఏం తేలినా, ఆ చేయి మాత్రం నేను వెనక్కి ఇవ్వను.

మిగిలిన లడ్డూలు తీసుకుని నాన్న నా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి బడాబాబు, అంటే హెడ్‌క్లర్కు, పెద్దమనిషి. దీపావళి దాకా టైపిస్టు సీటు ఆపుతానన్నాడు. అంతకంటే మంచి మాట ఒకటి చెప్పాడు. టెలిఫోను దగ్గర కుర్చీ ఖాళీ ఉంది, దానికి వేళ్ళతో పెద్ద పనిలేదు, కాళ్ళు కుదురుకోగానే అమ్మాయిని అందులో కూర్చోబెట్టండి, ఈరోజే రాసేస్తాను అన్నాడు. నాన్న చేతులు జోడించి వద్దన్నాడు. ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు, "టైపు నేర్సింది టెలిపోను ఎత్తడానికేటి. తెగిన తీగే కదా, దీపావలికి అతికేత్తారు అన్నాను." బడాబాబు లడ్డూ తిని, టెలిఫోను కుర్చీ నది అవతలి మాంగో నుంచి వచ్చే ఇంకో అమ్మాయికి ఇచ్చాడు. ఆ అమ్మాయి అందులోనే రిటైరయింది.

దీపావళికి నా కాళ్ళు కొంచెం నడిచాయి. బడాబాబు టైపు మిషను ముందు కూర్చోబెట్టాడు. వేళ్ళు మీటల మీద వాలాయి, తెలిసిన చోట్లలోనే, తెలిసిన వరసలోనే. నొక్కడం మాత్రం రాలేదు. అటునుంచి అటే నాన్న నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అతుకు ఇంకా ఎందుకు వేయలేదని నిలదీశాడు. డాక్టరుకి విషయం అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నరానికి తొడుగు పోతే మళ్ళీ వస్తుందట. తీగ పోతే అతుకు పెట్టలేరట. దానంతటది మొలవాలి, ఏళ్ళు పడుతుంది, మొలిచినవన్నీ వేలిదాకా చేరవు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సాకచీ బజారు దాటాం. అప్పుడు నాన్న అన్నాడు, "ఆ డాక్టరు నాకొచ్చిన బాసలో సెప్పకుండా ఉండాల్సింది. రాని బాసైతే ఎవుడ్నో ఒకడ్ని అడుగుదును."

అరవై దాటినదాన్ని, ఇదంతా ఫోనులో ఒక్క వేలితో కొడుతున్నాను. నిమిషానికి ఆరు మాటలు, తప్పులతో. రబ్బరు చాప స్నానాల గది గుమ్మం దగ్గర ఇంకా ఉంది, ఒక్క చిరుగు లేదు. చివర్లో చెబుతానన్న లెక్క ఇది. టైపిస్టు సీటు పోయింది. టెలిఫోను కుర్చీ పోయింది. రెండు బొటనవేళ్ళ కిందా కండ పోయింది. ఆశ పడాల్సినప్పుడు భయపడిన రోజులు ఇరవై మూడు. దిగులు పడాల్సినప్పుడు సంతోషించిన రోజులు దీపావళి దాకా, వాటిని పోయినవాటిలో రాయాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు. లడ్డూలు రెండు కిలోలు. అందులో నాకు పెట్టింది ఒకటి, అమ్మ ఒట్టి చేత్తో. బాగుంది.