పెద్దమ్మ హార్మోనియం, రేకుల గ్యారేజీ

మొన్న వాన వెలిశాక మా అపార్ట్‌మెంటు సెల్లారులో స్కూటరు తీస్తుంటే పైకప్పు నుంచి చల్లటి చుక్క ఒకటి సరిగ్గా మెడమీద పడింది. చూస్తే ఎక్కడా చిల్లు లేదు. వాచ్‌మన్ తలెత్తి చూసి, "లీకేజీ గాదు సార్, స్లాబుకు చెమట పడ్తుంది, గంతే" అని తన దారిన పోయాడు. నేను మాత్రం స్కూటరుకు మళ్లీ స్టాండు వేసి అక్కడే నిలబడిపోయాను. ఆ చెమట సంగతి నాకు బాగా తెలుసు. ఒకప్పుడు దాన్ని నా చేతులతో నేనే పుట్టించాను.

అప్పట్లో నేను సైనిక్‌పురిలో మా పెదనాన్న ఇంట్లో ఉండి ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఆయన మిలిటరీలో బళ్లు బాగుచేసి రిటైరైన మనిషి. దుప్పటి మడత నలిగినా ఓర్చుకోడు. వాళ్లకు పిల్లలు లేరు. పెద్దమ్మ గుంటూరు వైపు నుంచి కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న హార్మోనియం ఇంట్లో రోజూ మోగేది, ఆదివారం చర్చికి వెళ్లేది. ఏ పాటకైనా ముందు చిటికెనవేలితో ఒకే మెట్టును రెండుసార్లు నొక్కి చూసుకోవడం ఆమెకు అలవాటు. పెదనాన్నకు సంగీతం బొత్తిగా రాదు. అయినా ఆ మెట్టు రెండుసార్లు మోగిందంటే, ఎక్కడున్నా వచ్చి ఆమె వెనక కుర్చీలో కూర్చునేవాడు. ఒక డిసెంబరులో, క్రిస్మస్‌కు రెండు వారాలుందనగా, ఆమె పోయింది. హాల్లో ఆ పెట్టెను చూడలేక ఆయన దాన్ని గ్యారేజీలోకి మార్చాడు. కారు ఎప్పుడో అమ్మేశారు గనక అది ఖాళీగానే ఉండేది. "ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక ఇంట్లోనే పెడదాంరా. ఆ రోజు ఇది మోగాలి. ఆవిడది ఇంకేం మిగిలింది మనకి?" అన్నాడు.

వానాకాలం వచ్చేసరికి గ్యారేజీ గచ్చు నల్లబడింది. గోడ అడుగున సున్నం పొక్కులు లేచింది. పెదనాన్నకు శత్రువు దొరికాడు. ఆమె పోయాక ఆయన మొహంలో కాస్త కళ కనిపించింది అప్పుడే. అందుకని నేను కూడా ఆ సైన్యంలో చేరిపోయాను. తేమ బయటినుంచే వస్తుందని ఆయన నమ్మకం. వెంటిలేటర్లకు ఇటుకలు పెట్టి సిమెంటు పూశాం. తలుపు కింది సందుకు పాత టైరు ట్యూబు కోసి మేకులు కొట్టాం. పెట్టెను ఇటుకల మీదికి ఎక్కించి, తార్పాలిన్ కప్పి, లారీ సరుకుకు కట్టినట్టు తాళ్లు బిగించాం. చివరి సలహా నాది. రోజూ సాయంత్రం లోపల ఒక గంట కిరోసిన్ స్టవ్వు వెలిగిస్తే గది పొడిగా ఉంటుందన్నాను. కిరోసిన్ కోసం రేషను షాపు దగ్గర నిలబడిందీ నేనే. పెదనాన్న వెచ్చటి గోడకు అరచెయ్యి ఆనించి "శభాష్‌రా" అంటే పొంగిపోయేవాణ్ణి.

చలి మొదలయ్యాక పొద్దున్నే తలుపు తీస్తే పైకప్పు రేకుల అడుగంతా చుక్కలే. ఎండ తగలగానే టపటపా రాలి తార్పాలిన్ మీద మడుగు కట్టేవి. ఆయన తుడిచేవాడు. నేను స్టవ్వు ఇంకో గంట వెలిగించేవాణ్ణి. పెట్టెను మాత్రం విప్పలేదు. విప్పితే తేమ తగులుతుందని మా భయం.

కూడికకు మూడు రోజుల ముందు రాంగోపాల్‌పేట్ నుంచి హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన్ను పిలిపించాం. తాళ్లు విప్పగానే బూజు వాసన గుప్పుమంది. తిత్తి తోలు ఆయన వేళ్లకే ఊడివచ్చింది. స్వరం పలికించే ఇత్తడి రీడ్లు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. మేం మూసేసిన వెంటిలేటర్లనూ స్టవ్వునూ ఆయన మార్చి మార్చి చూశాడు.

"ఏందీ సార్, గిట్ల బంద్ జేసిన్రు? నేలకెళ్లి లేసిన తేమ ఎటు పోవాలె? స్టవ్వు మంటల సుత నీళ్లావిరే ఉంటది. మా దుకాన్ల గిట్లనే జేసి నేను సుత పరేషాన్ అయిన. జెర గాలి ఆడనిస్తే బతుకుతుండె."

స్టవ్వు సలహా ఎవరిదో పెదనాన్న చెప్పలేదు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్దాయన మూడు రోజులూ మా వరండాలోనే కూర్చుని కొత్త తోలు అతికించాడు, రీడ్లు గీకి చేతనైనంత చేశాడు. కూడికలో పాస్టరుగారి భార్య హార్మోనియం ముందు కూర్చుంది. ఆమెకు పెద్దమ్మే నేర్పింది. ఆ అలవాటు కొద్దీ పాటకు ముందు అదే మెట్టు నొక్కింది. బుస్సుమని గాలి వచ్చింది, అంతే. ఇంకోసారి నొక్కి చూసి, వేళ్లు పక్కకు జరుపుకుని పాట ఎత్తుకుంది. అందరూ పాడారు. ఆమె వెనక కుర్చీ ఖాళీగానే ఉంది. పెదనాన్న పాట అయ్యేదాకా గుమ్మం దగ్గరే, ఎవరూ లోపలికి పిలవనట్టు నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే సుత్తి చప్పుడుకు లేచి వెళ్లాను. ఆయన వెంటిలేటర్లలోని ఇటుకలు పగలగొడుతున్నాడు. లోపల దాచుకోవాల్సింది ఇక ఏమీ లేదు. "ఇప్పుడు గాలి బాగా ఆడుతోందిరా" అన్నాడు, నా వైపు తిరక్కుండానే.

కాలం బయటినుంచి వచ్చి ఆమెను ఇంకాస్త తీసుకుపోతుందని ఆ ఏడాది కనిపించిన సందల్లా మూశాం. అది మాతోపాటు లోపలే ఉంది. రోజూ సాయంత్రం స్టవ్వు వెలిగించి దాన్ని వెచ్చగా కూర్చోబెట్టింది నేనే.