వెనక సీటు కటకట

నెల రోజులుగా మా సెకండ్‌హ్యాండ్ ఏడు సీట్ల బండి వెనకనుంచి ఒకటే కటకట. షాకబ్జర్లు పోయాయి, పద్దెనిమిది వేలవుతుందని ఒకాయన హడలగొట్టాడు. ఇవాళ సాయంత్రం ఇక్కడ రాయ్‌పూర్ టాటీబంధ్‌లో ఇంకో పెద్ద మెకానిక్కుకి చూపించాను. నన్ను నడపమని, తను చిట్టచివరి సీట్లో కూర్చున్నాడు. గుంతల్లో పడ్డా చప్పుడు లేదు!

"షాకబ్జర్లు బాగున్నాయి సాబ్. ఈ సీటు లాక్ అరిగింది. ఖాళీగా ఉంటే కొట్టుకుంటుంది, మనిషి కూర్చుంటే ఊరుకుంటుంది," అన్నాడు హిందీలో. "ఇక్కడెవరూ కూర్చోరా?"

"పిల్లలు కూర్చునేవాళ్ళు. మా ఆవిడకి విజయనగరం ట్రాన్స్‌ఫరైంది. వాళ్ళూ అక్కడే."

"అయితే రబ్బరు ముక్క పెడతా. యాభై ఇవ్వండి చాలు."

పద్దెనిమిది వేలు మిగిలాయంటే ఎగిరి గంతెయ్యాలి కదా. ఆయన వెనకనుంచి మనవరాలి అల్లరి చెబుతూ ఉంటే, నేను గ్యారేజీ దాటించేసి ఊరికి ఇంకో చివరనున్న బీర్‌గావ్ దాకా పోనిచ్చాను.

"చప్పుడు లేదుగా, ఇంకెందుకు సాబ్?" అన్నాడు.

"ఇంకొంచెం చూద్దాం," అన్నాను.

చివరికి ఆయన్ని గ్యారేజీ దగ్గర దింపి, రబ్బరు రేపు పెట్టించుకుంటానని చెప్పి వచ్చేశాను. రాయ్‌పూర్‌లో మనవాళ్ళెవరికైనా రేపు పండరీలో బట్టలు కొనే పనుంటే కామెంట్లో చెప్పండి, దింపుతాను. ముందు సీటు మాత్రం అడక్కండి, వెనకే కూర్చోవాలి.